పెరుగన్నంలో సామలు: ఇద్దరు వియ్యపురాళ్ల సంవాదం

భోజనం ఎంత ఘనంగా సాగినా పెరుగన్నంతో ముగియకపోతే తిన్నట్టుండదనే వాళ్లు మనలో చాలామంది. జ్వరం తగ్గాక పథ్యంగా పెట్టేదీ, ప్రయాణానికి కట్టుకెళ్లేదీ, గుళ్లో దద్దోజనంగా దొన్నెలో అందేదీ అదే. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ గిన్నె మీదే పేచీ వస్తోంది. తెల్లబియ్యం మానేసి దంపుడు బియ్యంతోనో, సామలు, కొర్రలు వంటి చిరుధాన్యాలతోనో చెయ్యాలని ఒకరంటే, దాని జోలికి వెళ్లొద్దని ఇంకొకరంటున్నారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. వాటిని ఇద్దరు వియ్యపురాళ్ల నోట వినిపిస్తున్నాను. ఒకరిది కోనసీమ, గృహవిజ్ఞానం పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకురాలు. ఇంకొకరిది అనంతపురం జిల్లాలో మెట్ట పల్లె, చిన్నతనమంతా కొర్రలు దంచిన మనిషి. కోనసీమ ఆవిడ కూతురు, అనంతపురం ఆవిడ కొడుకు పెళ్లి చేసుకుని హైదరాబాదులో కాపురం ఉంటున్నారు. అబ్బాయికి షుగరు అంచు మీదికి వచ్చిందని డాక్టరు చెప్పాక ఈ మాట మొదలైంది.

సీమ వదిన: వదినగారూ, ఇకమీద రాత్రి పెరుగన్నం సామలతోనే అని అమ్మాయి చెప్పింది. సలహా మీదేనట. కూరలో నూనె తగ్గించమనండి, చక్కెర మాన్పించండి, నేను కాదనను. పెరుగన్నం జోలికి ఎందుకు వెళ్లారు? ఎంత అలిసిపోయి వచ్చినా ఆ నాలుగు ముద్దలు కడుపులో పడితేనే మావాడికి నిద్ర పడుతుంది.

కోనసీమ వదిన: అందుకే దాన్ని ఎంచుకున్నానండి. అల్లుడుగారు రోజూ తప్పకుండా తినేది అదే. రోజూ తినేదాన్ని బాగుచేసుకుంటే మేలు కూడా రోజూ ఉంటుంది. ఎప్పుడో పండక్కి తినే వంటకాన్ని మార్చి ఏం లాభం? పెరుగు అలాగే ఉంటుంది, తాలింపు అలాగే ఉంటుంది. గింజ ఒక్కటే మారుతుంది.

సీమ వదిన: గింజ మారితే వంటంతా మారుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు నా మనసులో మాట వినండి. కొర్రలు, సామలు మాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు వరన్నం వండారంటే పండగ. మిగతా రోజుల్లో సంగటి, కొర్రన్నం. ఆ కొర్రన్నం ఊరికే వచ్చేది కాదు. రోట్లో గింజలు పోసి, నీళ్లు చిలకరించి, ఇద్దరం ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేసేవాళ్లం. పొట్టు లేచి కళ్లలో పడేది, మెడంతా దురద. చేటతో చెరిగి, మళ్లీ దంచి, మళ్లీ చెరిగితే ఆ పూటకు సరిపడా గింజ తేలేది. ఒంట్లో బాగున్నా లేకున్నా దంచాల్సిందే. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మా ఊళ్లో రోకళ్లు మూలకు చేరాయి. తెల్లన్నంతో మా ఆడవాళ్ల భుజాలకు విశ్రాంతి దొరికింది. ఇప్పుడు చదువుకున్నవాళ్లు వచ్చి అదే తప్పంటే నాకు కష్టంగా ఉంటుంది.

కోనసీమ వదిన: తప్పని నేను అననండి. ఆ చాకిరీ తిరిగి రావాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ మిల్లు బియ్యం మీకంటే ముందు మా తీరానికి వచ్చింది. దానికి మావాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. ఉత్తర సర్కారులని పిలిచే మన కోస్తా జిల్లాల్లో పచ్చిబియ్యాన్ని తెల్లగా పట్టించుకుని తినేవాళ్లు. అక్కడ బెరిబెరి పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒళ్లు నీరు పట్టేది, గుండె దెబ్బతిని మనుషులు పోయేవాళ్లు. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే కారణం. దాన్నే థయమిన్ అంటారు. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది కాబట్టి.

సీమ వదిన: ఇది ఎలా తెలిసింది?

కోనసీమ వదిన: జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు ఇలాంటి జబ్బే రావడం గమనించాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో మెకారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ పుట్టుకకే మూలం మన తెల్లబియ్యం తెచ్చిన జబ్బు. పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ కథ చెప్పకుండా నేను ఏ తరగతినీ వదల్లేదు.

సీమ వదిన: ఇప్పుడు బెరిబెరి ఎవరికొస్తోంది? పప్పు తింటున్నాం, పాలు తాగుతున్నాం, కూరలు తింటున్నాం.

కోనసీమ వదిన: బెరిబెరి పోయింది, షుగరు వచ్చింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. తెల్లబియ్యం ఒక్కటే దానికి కారణం కాదు. కూర్చునే ఉద్యోగాలున్నాయి, నిద్రలేమి ఉంది, వంశంలో రావడం ఉంది. కాకపోతే మన పళ్లెంలో పెద్ద వాటా అన్నానిదే. పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 2.8 గ్రాములు, దంపుడు బియ్యంలో 4.4, సామల్లో 7.7. థయమిన్ తెల్లబియ్యంలో 0.05 మిల్లీగ్రాములైతే దంపుడు బియ్యంలో 0.27. గింజ మీది ఆ పలచని పొరలోనూ మొలకలోనూ ఉన్నదంతా మిల్లులో తవుడై పోతోంది. దాన్ని పశువులు తింటున్నాయి, నూనె మిల్లులు కొంటున్నాయి. మనకు మిగిలేది పిండిపదార్థం.

సీమ వదిన: లెక్క బాగుంది. మరి మావాడు పెరుగన్నం ఎంత తింటాడు? కప్పుడు. దానికి ముందు పప్పుతో కొంత, కూరతో కొంత, చారుతో కొంత అన్నం తింటాడు. ఆ మూడు వాయిల తెల్లన్నాన్ని వదిలేసి చివరి వాయిని మార్చడం కొండను తవ్వి ఎలుకను పట్టడం కాదా?

కోనసీమ వదిన: అక్కడ మీతో ఏకీభవిస్తాను. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలని పోషకాహార సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. సామలు కూడా ధాన్యమే కాబట్టి ఆ 45 శాతంలోనే లెక్క. గిన్నెడు వరన్నం మాని గిన్నెన్నర సామలన్నం తింటే ఒరిగేది లేదు. ముందు మూడు వాయిలు తగ్గి కూర పెరగాలి. కొత్త గింజ ఇంట్లో అలవాటు కావడానికి మాత్రం పెరుగన్నమే సులువు. పప్పన్నంలో సామలు నోటికి వెంటనే తెలిసిపోతాయి. పెరుగులో కలిసిపోతాయి.

సీమ వదిన: కలిసిపోతాయా? ఈమధ్య పెళ్లిళ్లలో చిరుధాన్యాల పెరుగన్నమని వేరే గిన్నె పెడుతున్నారు. గింజ దేనికదే ఉంటుంది, మీద చల్లటి పెరుగు పోస్తారు. నోట్లో ఇసుక పోసినట్టుంటుంది. పిల్లలు ఒక ముద్ద తిని ఆకు పక్కకు నెడతారు. ఆ పిల్లలు మళ్లీ సామల మొహం చూస్తారా? మీరు అమ్మాయికి ఏ కొలత చెప్పారు?

కోనసీమ వదిన: గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు. కుక్కర్లో మూడు కూతలు.

సీమ వదిన: అది పులిహోరకు, ఉప్మాకు సరిపోతుంది. పెరుగన్నానికి చాలదు. కొర్రలు కాకుండా సామలు చెప్పారు, అంతవరకు నయం. కొర్ర మెతుకు పొడిపొడిగా నిలబడుతుంది, సామ మెత్తబడుతుంది, ఊదలు ఇంకా తొందరగా మెత్తబడతాయి. చేసే పద్ధతి నేను చెప్తాను, రాసుకోమనండి.

ముందు గాలించాలి. ఈ గింజల్లో సన్నరాళ్లుంటాయి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, ఊపుతూ గింజను ఇంకో గిన్నెలోకి జారుస్తుంటే రాయి అడుగున మిగిలిపోతుంది. తర్వాత మూడు గంటలైనా నానాలి. గ్లాసు సామలకు నాలుగు గ్లాసుల నీళ్లు ఎసరు పెట్టాలి. ఎసరు మరిగాక గింజ వేసి, మంట తగ్గించి, మూత వారగా పెట్టి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. గింజ విచ్చుకుని గరిటె జారుగా తిరిగినప్పుడు దింపి, మూతపెట్టి పావుగంట వదిలెయ్యాలి. లోపలి పలుకు పోయేది ఆ పావుగంటలోనే. అప్పుడు వేడి మీదే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ఉండలు కడుతుంది. ఆ వేడిలోనే గ్లాసుడు కాచిన పాలు పొయ్యాలి. చల్లారేకొద్దీ ఈ గింజ వరన్నం కంటే ఎక్కువ తడి పీలుస్తుంది. అందుకని పొయ్యి దగ్గర చూసినప్పుడు పాయసంలా జారుగా ఉండాలి, అప్పుడే రాత్రికి ముద్దకొస్తుంది.

కోనసీమ వదిన: పెరుగు ఎప్పుడు కలుపుతారు?

సీమ వదిన: వేడి మీద కలిపితే విరిగిపోతుంది. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి. అప్పుడు చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెట్టేస్తే ఈ ఎండల్లో నాలుగైదు గంటలకు గిన్నె మొత్తం తోడుకుంటుంది. తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పులుపెక్కదు. మెతుకు మెతుక్కూ పెరుగు పట్టి ఉంటుంది. ఉప్పు మాత్రం తినేముందే వెయ్యాలి. ఇలా చేసి పెట్టండి, మావాడు కాదంటే అప్పుడు మాట్లాడదాం.

కోనసీమ వదిన: నేను పోషకాల లెక్క చూశాను, మీరు మెతుకును చూశారు. రెండూ కలిస్తే గానీ ఇది పెరుగన్నం కాదు. తాలింపు నాకు వదిలెయ్యండి. చెంచాడు నూనెలో ఆవాలు, మినప్పప్పు, మిరియాలు, ఇంగువ, కరివేపాకు, అల్లం తరుగు. కీరా, క్యారెట్ తురుము కూడా కలిపితే అదే కప్పులో గింజ తగ్గి కూర పెరుగుతుంది. పక్కన మాగాయ ఒక్క ముక్క చాలు, ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ.

సీమ వదిన: నాకో అనుమానం. అంత మెత్తగా మెదిపితే తొందరగా అరిగి షుగరు తొందరగా పెరగదా? పీచు కోసం సామలు తెచ్చి, మెదిపి దాని గుణం పోగొట్టుకున్నట్టు కాదా?

కోనసీమ వదిన: కొంత అలాగే జరుగుతుంది. గింజ ఎంత నలిగితే అంత తొందరగా అరుగుతుంది. చిరుధాన్యాన్ని పిండి చేసి జావ కాచుకుంటే గింజగా తిన్నప్పటి నిదానం ఉండదు. అందుకని పూర్తిగా గుజ్జు చెయ్యకుండా సగం మెదపాలి. పెరుగులోని మాంసకృత్తులు, పాలలోని కొవ్వు, కూర ముక్కల్లోని పీచు అరుగుదలను నిదానింపజేస్తాయి. వండిన గింజ చల్లారితే అందులోని పిండిపదార్థం కొద్దిగా అరగని రూపానికి మారుతుంది కూడా. ఇన్ని చెప్పినా ఇది మందు కాదండి. కొర్రలు తింటే షుగరు పోతుందని, మాత్రలు మానెయ్యొచ్చని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది ప్రమాదం. డాక్టరు రాసిన మాత్ర వేసుకోవాల్సిందే, పరీక్ష చేయించుకోవాల్సిందే, నడవాల్సిందే.

సీమ వదిన: ఈ మాట అమ్మాయికీ అబ్బాయికీ మీ నోటితోనే చెప్పండి. మా ఊళ్లో ఒకాయన మాత్రలు మానేసి కాలి పుండుతో ఆస్పత్రి పాలయ్యాడు. ఇంకో సంగతి. మొన్న అమ్మాయి కొనుక్కొచ్చిన పొట్లం చూశాను. తెల్లగా మెరుస్తున్నాయి. నేను దంచిన సామలు ఎప్పుడూ అలా లేవు. మసక రంగులో ఉండేవి, చేత్తో పట్టుకుంటే కాస్త తవుడు అంటేది.

కోనసీమ వదిన: మంచి సంగతి పట్టుకున్నారు. పై పొట్టు మనం తినలేం, దాన్ని తియ్యాల్సిందే. యంత్రాలొచ్చాక మీరు పడ్డ కష్టం తప్పింది. అయితే కొన్ని మిల్లులు పొట్టుతో ఆగకుండా తవుడు పొర కూడా చెక్కేస్తున్నాయి. తెల్లగా ఉంటే అమ్ముడుపోతుందని, తవుడు లేకపోతే ఎక్కువకాలం నిల్వ ఉంటుందని. అప్పుడు సామల ధర పెట్టి మళ్లీ తెల్లబియ్యంలాంటిదే కొన్నట్టు. పాలిష్ పట్టనివి అడిగి కొనాలి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి అవి తొందరగా కనరు వాసనొస్తాయి. దంపుడు బియ్యమూ అంతే. నెలకు సరిపడా తెచ్చుకుని, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

సీమ వదిన: ధర సంగతీ ఎత్తారు. కిలో సామలకు పెట్టే డబ్బుకు మంచి సన్నబియ్యం వస్తాయి. మా జిల్లాలో ఒకప్పుడు కొర్రచేలు ఎక్కడ చూసినా కనిపించేవి. తర్వాత అంతా వేరుశనగే అయింది. వాన మొహం చాటేస్తే వేరుశనగ నిలువునా ముంచుతుంది. కొర్ర మూడు నెలల్లోపే చేతికొచ్చేది, నాలుగు వానలు చాలు. మరి మీరు పట్నంలో పెడుతున్న ధర మా రైతుకు చేరుతోందా?

కోనసీమ వదిన: చేరేచోటా ఉంది. చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ రైతులతో కలిసి చిరుధాన్యాలు పండించి అమ్మిస్తోంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళారైతులు మెట్ట పంటలనూ విత్తనాలనూ కాపాడుకొచ్చారు. ఆ సొసైటీకి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మన దేశం అడగ్గా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఏడాది జరిపి ఊరుకుంటే రైతుకు ఒరిగేది లేదు. ప్రతి ఇంట్లో వారానికి కొన్ని పూటలు ఈ గింజ ఉడికితే పంటకు గిరాకీ నిలబడుతుంది. రైతు సంఘాల దగ్గర కొంటే డబ్బు ఊరికి చేరుతుంది. కొనలేని వాళ్లకు దంపుడు బియ్యం ఉంది. అదీ రుచించకపోతే తెలంగాణ సోనా ఉంది. రాజేంద్రనగర్‌లో రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అదే. మామూలు సన్నబియ్యం కంటే షుగరును నిదానంగా పెంచుతుందని పేరు తెచ్చుకుంది. సామలు, బియ్యం సగం సగం నానబెట్టి వండుకున్నా మేలే.

సీమ వదిన: సగం సగమైతే నాకు సమ్మతమే. రెండు షరతులు. మనవరాలికి కడుపు పాడైనా, ఎవరికైనా జ్వరమొచ్చి తగ్గినా తెల్లన్నమే మెత్తగా వండి పెట్టాలి. అప్పుడు పీచు పనికిరాదు. రెండోది, పండగ నైవేద్యానికి దద్దోజనం బియ్యంతోనే చెయ్యాలి. అది మార్చడానికి నేను ఒప్పుకోను.

కోనసీమ వదిన: మొదటిది వైద్యులూ చెప్పేదే. రెండోదాన్ని కాదనడానికి నాకూ నోరు రాదు. ఏడాదిలో కొన్ని రోజుల ప్రసాదం వల్ల ఎవరికీ షుగరు రాదు. మిగతా రోజులన్నీ సామలేనని నా మాట.

సీమ వదిన: రోజూ అని నేను ఒప్పుకోను. వారంలో నాలుగు రాత్రులు చేసి చూడమనండి. వాడు అడిగి వడ్డించుకుంటే మిగతా మూడూ వాటంతటవే వస్తాయి. బలవంతాన పెడితే ఆఫీసు దారిలో తెల్లన్నం తినే వస్తాడు.

ఇద్దరూ ఇక్కడ ఆగారు. రోజూనా, వారానికి నాలుగుసార్లా అన్న పేచీ తేలలేదు, తేలాల్సిన అవసరమూ లేదు. మిగిలినదాంట్లో నా తీర్పు ఇది. పెరుగన్నంలోకి ముడిగింజ రావచ్చు, రావాలి. అది మన మెట్టభూములకు కొత్త తిండి కాదు. తవుడు పోగొట్టుకుంటే ఏమవుతుందో మన కోస్తా జిల్లాలు నూరేళ్ల కిందటే చూశాయి. అయితే ధాన్యం మారినప్పుడు వండే తీరూ మారాలి. గట్టిగా, పలుకుగా వండి ఆరోగ్యమని బలవంతంగా పెట్టేవాళ్లు ఆ గింజకే చెడ్డపేరు తెస్తున్నారు.

ఈ వారం ఒక గ్లాసు పాలిష్ పట్టని సామలు తెచ్చుకోండి. మూడు గంటలు నానబెట్టండి, నాలుగింతల నీళ్లు పొయ్యండి, వేడి మీద సగం మెదిపి పాలు కలపండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యండి. తినేటప్పుడు మొదటి మూడు వాయిల అన్నం తగ్గించి కూర ఎక్కువ వడ్డించుకోండి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే మాత్రలు మాన్పించకండి. ఒకప్పుడు ఈ గింజ దంచిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వండే ముందు వాళ్లను అడగండి.